గుర్రం కాళ్లు నాలుగూ పొట్ట కిందికి చేర్చి నిలబడుతోంది: లోపం గిట్టల్లోనా, నడుములోనా?

మొయినాబాద్ సవారీ:

నమస్తే అండి. థరోబ్రెడ్ గెల్డింగ్ (రేసు జాతి, విత్తు కొట్టించిన మగ గుర్రం), 8 ఏళ్లు, ఎత్తు 15.3 హ్యాండ్స్, టేపు కొలతతో 460 కిలోలు. రేసులు మానేసి 7 నెలలు. అల్యూమినియం ప్లేట్లు (రేసు నాడాలు) తీసేసి అప్పట్నుంచి 8 వారాలకోసారి ఇనుప నాడాలు కొట్టిస్తున్నాం.

వదిలేస్తే నాలుగు కాళ్లూ దగ్గరగా లాక్కుని, పీట మీద నిలబెట్టినట్టు నిలబడుతుంది. మొరం మీద అడుగు కురచ, ఇసుకలో పర్వాలేదు. జీను బిగించేటప్పుడు నడుం కిందికి వంచేస్తుంది. డాక్టరు గారు ట్రాట్‌లో (చిన్న పరుగులో) చూసి ఏ కాలూ విడిగా కుంటడం లేదన్నారు.

కొలతలు: ముందు గిట్టల్లో వెంట్రుకల గీత నుంచి నేల దాకా టో (గిట్ట ముందు కొస) పొడవు 9.6 సెం.మీ., టో కోణం 46 డిగ్రీలు, మడమ కోణం 33. రెండు కాళ్లకూ ఇంచుమించు ఇంతే. వెనక గిట్టల ముందుగోడ తిన్నగా దిగకుండా మధ్యలో ఉబ్బి ఎద్దు మూతిలా ఉంది. ముందు గిట్టల్లో ఫ్రాగ్ (గిట్ట అడుగున V ఆకారపు మెత్తటి భాగం) మధ్య చీలికలో శుభ్రం చేసే హుక్కు మొన 2 సెం.మీ. దిగుతోంది, వాసన కూడా.

దాణా రోజుకు: ఉడికించిన ఉలవలు 2 కిలోలు, గోధుమ పొట్టు 2 కిలోలు, ఓట్స్ 3 కిలోలు (రెండు పూటలు), బెల్లం 200 గ్రాములు, పచ్చి సూపర్ నేపియర్ గడ్డి 20 కిలోలు. సిమెంటు గచ్చు మీద వరిగడ్డి పరుపు. తొట్టి 4 అడుగుల ఎత్తు. మెడతాడుతో కట్టేస్తాం, రోజుకు రెండు గంటలు బయట తిరుగుతుంది.

నాడాలు కొట్టే ఆయన వెడ్జ్ ప్యాడ్ వేసి మడమ లేపుదామంటున్నారు. వేయించమంటారా? గిట్టల వల్ల ఈ నిలకడ వచ్చిందా, నడుం నొప్పి వల్ల గిట్టలిలా అయ్యాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?


అశ్వవైద్యం:

సవారీ గారూ, ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. ముందుకాళ్లు పొట్ట కిందికి లాక్కోవడం వేరు, ముందుకాళ్లు ఎదరకు చాపి బరువంతా వెనక్కి మోపడం వేరు. రెండోది లామినైటిస్ (గిట్ట లోపలి పొర వాపు) నిలకడ. గిట్టలు వేడెక్కి, ఫెట్‌లాక్ (గిట్ట పైనున్న కీలు) వెనక ఇరుపక్కలా వేలు ఆనిస్తే నాడి ఎగిరెగిరి కొట్టుకుంటుంటే తెల్లారే దాకా ఆగకూడదు. డాక్టర్ని పిలవాలి, నడిపించకూడదు, డాక్టరు వచ్చే లోపు కాళ్లను మోకాలి దిగువ దాకా ఐసునీళ్లలో ఉంచాలి. మీరు రాసింది మొదటి రకం. అయినా బాగున్న రోజునే ఆ నాడి వెతికి పట్టుకోవడం చేతికి అలవాటు చేసుకోండి. మామూలప్పుడు అది తడుముకుంటే గానీ దొరకదు. చటుక్కున దొరికిందంటేనే తేడా.

ఇక నిలకడ. ముందుకాళ్లదీ వెనకకాళ్లదీ ఒకే కారణం కాదు. వెనక గిట్టలో మడమ కుంగి, లోపలి కాఫిన్ ఎముక వెనక్కి వాలితే, ఆ ఎముక అడుగున అతుక్కునే లోతు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) బిగుసుకుంటుంది. పాదాన్ని ముందుకు, పొట్ట కిందికి జరిపితే ఆ బిగువు కాస్త సడలుతుంది. అందుకే జరుపుతుంది. ముందుకాళ్లలో నొప్పి మడమ వైపుంది. ఫ్రాగ్ చీలిక అంత లోతుకు కుళ్లితే మడమ మీద బరువు వేయబుద్ధి కాదు. కాలు వెనక్కి పెడితే బరువు టో మీదికి పోతుంది, మడమకు ఊరట. ఇలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకు వచ్చి మధ్యలో కలుస్తాయి.

దీని ఖరీదు నడుం చెల్లిస్తుంది. గుర్రం కండరాలకు పెద్దగా పని పెట్టకుండానే గంటల తరబడి నిలబడగలదు, టెండన్లు, లిగమెంట్లు తాళం వేసినట్టు కాళ్లను పట్టుకుంటాయి. కాలు నిటారుగా ఉన్నప్పుడే ఆ తాళం సరిగా పడుతుంది. ఏటవాలుగా నిలబడితే రోజంతా కండరాలే మోయాలి. పైగా గుర్రానికి మనలా కాలర్ బోన్ లేదు. ఛాతీ మొత్తం రెండు భుజాల మధ్య కండరాల ఊయలలో వేలాడుతుంది, బరువులో దాదాపు 60 శాతం ఆ ఊయలదే. ముందుకాళ్లు వెనక్కి పోతే ఆ వాటా ఇంకా పెరుగుతుంది, మెడ మొదలు, భుజం, జీను ఆనే చోటు బిగుసుకుపోతాయి. మీ గుర్రం జీను దగ్గర నడుం వంచుతున్నది పొగరుతో కాదు.

మీ అంకెలు చూస్తే, 430 నుంచి 475 కిలోల గుర్రానికి టో పొడవు 8.25 సెం.మీ. దగ్గర్లో ఉండాలి. 9.6 అంటే సెంటీమీటరు పైన అదనం. ఆ అదనపు పొడవు గడపలా అడ్డుపడి గిట్ట నేల నుంచి లేవడాన్ని ఆలస్యం చేస్తుంది. లేచే ప్రతిసారీ టెండన్, దాని దారిలో ఉన్న నావిక్యులర్ అనే చిన్న ఎముక నలుగుతాయి. మడమ కోణం టో కోణం కన్నా 5 డిగ్రీలకు మించి తగ్గితే మడమ ముందుకు పాకిపోయినట్టు లెక్క. మీది 13.

అలాగని గిట్ట కోణం 50 ఉండాలి, 54 ఉండాలి అని ఎవరైనా ఒక అంకె చెబితే నమ్మకండి. గిట్ట ముందుగోడ, దాని పైనున్న పేస్టర్న్ (గిట్టకూ ఫెట్‌లాక్‌కూ మధ్య భాగం) ఒకే వాలులో ఉన్నాయా అన్నదే లెక్క. పక్క నుంచి ఫోటో తీసి స్కేలు పెట్టి చూడండి. ఫోను నేలకు ఆనించి, గిట్టకు సరిగ్గా అడ్డంగా పట్టుకోవాలి. నిలబడి పైనుంచి తీస్తే కోణం అబద్ధం చెబుతుంది. వెనక గిట్టకైతే వెంట్రుకల గీతను మడమ నుంచి టో మీదుగా ముందుకు పొడిగించండి. అది ముందుకాలి మోకాలి దగ్గరికి పోతే సరే. మోచేతికో పొట్టకో తగిలితే లోపలి ఎముక వెనక్కి వాలిందని గట్టి అనుమానం. ఎద్దు మూతి ఆకారంతో కలిపి చూస్తే మీ గుర్రం ఈ కోవలోదే.

గిట్ట కోసే ముందు నాలుగు కాళ్లకూ పక్క ఎక్స్‌రే ఒక్కోటి తీయించండి. పోర్టబుల్ యంత్రం తెచ్చే డాక్టరైతే మంచిది. రెండు ముందుకాళ్లూ ఒకే ఎత్తు చెక్క దిమ్మెల మీద ఉండాలి, కాలు నిటారుగా ఉండాలి. ముందుగోడ వెంట సన్న తీగ అంటించి, ఫ్రాగ్ మొన దగ్గర డ్రాయింగ్ పిన్ను గుర్తు పెట్టమనండి. ఎముక అడుగు నేలతో చేసే కోణం 3 నుంచి 5 డిగ్రీలు, మడమ వైపు ఎత్తుగా ఉండాలి. సోల్ (గిట్ట అడుగు) మందం కూడా అందులోనే తెలుస్తుంది. 10 మి.మీ. కన్నా తక్కువైతే మొరం మీద కురచ అడుగుకు కారణం వెతకక్కర్లేదు.


నాల్‌బంద్ పాతబస్తీ:

అన్నా, వెడ్జ్ జోలికి పోకుండ్రి. డాక్టర్ సాబ్ టెండన్ తెగిందని, కొన్ని వారాలు ఎత్తు పెట్టాలని రాసిస్తే గది వేరు. మడమ ఇప్పటికే నలిగి ముందుకు పండుకున్నది. దాని నెత్తి మీద ప్యాడ్ పెట్టి ఎత్తు చేస్తే బరువు ఇంకింత దాని మీదనే పడ్తది, ఫ్రాగ్ నేల దాకకుంట పోతది. పెట్టిన దినం కోణం మంచిగ కొడ్తది, మూడు నాలుగు సార్లు నాడాలు మార్చినంక ప్యాడ్ తీసి చూస్తే మడమ మునుపటికన్న పల్లం ఉంటది.

పని ఎట్ల చెయ్యాల్నో చెప్త, మీ మేస్త్రీతోని కూసొని చదవుండ్రి.

నాడా తీసేటప్పుడు బయటకి మలిచిన మేకు కొసలను మొదలు ఆకురాయితోని రాకాలె. గది చెయ్యకుంట గుంజితే గోడ పలిగి చెక్క ఊడొస్తది, మల్ల మేకు కొట్ట జాగ ఉండది. మడమ దిక్కు నుంచి షురూ చేసి ఒకపారి ఈ పక్క, ఒకపారి ఆ పక్క, గిట్ట నడుమకు ఒంచుకుంట తియ్యాలె. బయటికి ఒంచితే గోడ పోయినట్టే.

కడిగి, ఇనుప బ్రష్ కొట్టినంక ఫ్రాగ్ అసలు మొన ఏడున్నదో చూడాలె. ఊగులాడే తోలు ముందుకు సాగి ఉంటది, గది కాదు. అది తీసేస్తే సోల్‌ల గట్టిగ కలిసే కాడ ఉన్నదే మొన. మొన నుంచి 2 సెంటీలు వెనకకు మార్కర్‌తోని అడ్డం గీత గియ్యుండ్రి. గిట్టల మస్తు వెడల్పున్న జాగ గదే. గీత నుంచి ముందు గిట్ట మలిగే అంచు దాక ఎంత, వెనక మడమ నేల దాకే కాడికి ఎంత, రెండూ కొలువుండ్రి. సమంగ రావాలె. మీ గుర్రం అసొంటి దానికి ముందు 8, వెనక 5 వస్తే తాజ్జుబ్ కాను.

మడమ పల్లం ఉన్నది కదా, ముట్టొద్దు అని చానమంది ఇడిచిపెడ్తరు. గదే తప్పు. పండుకున్న మడమ పైకి పెరగది, ముందుకే పెరుగుతది. ఒంగి మడిచిపోయిన కొసను 2, 3 మిల్లీమీటర్లు తీస్తే నేల దాకే జాగ వెనకకు, ఫ్రాగ్ వెడల్పు దిక్కు జరుగుతది. ఒక్కపారే కిందికి దించుడు కాదు. సోల్ ఏడున్నదో చూసుకొని ఆగాలె. టోను ముంగట నుంచి ఆకురాయితోని వెనకకు తేవాలె, అడుగు అంచును 45 డిగ్రీలు ఏటవాలు కొట్టాలె. గోడ, సోల్ కలిసే తెల్ల గీత ముందు అంచు కాడ ఆగాలె, దాటితే సోల్ బలం పోతది. గోడ పైభాగాన్ని పాలిష్ కొట్టినట్టు రాకుడు వద్దు, కింద మూడో వంతుల ఉబ్బినంత వరకే. సోల్‌ను కత్తితోని గీకి తెల్లగ చేసుడు షోకు పని. బొటనవేలుతోని ఒత్తి చూడుండ్రి, జర లొంగినా కత్తి పక్కకు పెట్టాలె.

నాడా పెడితే ఒక సైజు పెద్దగ ఉండాలె. వెనక కొసలు మడమ గడ్డల నడుమ దాక రావాలె, పక్కలకు 2, 3 మిల్లీమీటర్లు మిగలాలె, మడమ ఇచ్చుకునేతందుకు. ముందు అంచు మలిచినది. మేకులు ఇటు మూడు అటు మూడు, అన్నీ ఆ మార్కర్ గీతకు ముందటనే. గీత వెనక మేకు కొడితే మడమకు బేడీ ఏసినట్టే. మేకు మార్కు ఉన్న దిక్కు లోపలికి, ఫ్రాగ్ దిక్కు ఉండాలె, అట్లయితే మొన బయటికి తిరుగుతది. చెవి ఇటే పెట్టాలె. గట్టి గోడల దిగుతుంటే దెబ్బ దెబ్బకు ఠంగుమంటది. చప్పుడు మొద్దుబారి, మేకు అల్కగ దిగుతున్నదంటే అది ప్రాణం ఉన్న దిక్కు పోతున్నది. ఆపి, గుంజి, మల్ల కొట్టాలె. గుంజిన మేకుకు నెత్తురు తడి అంటితే ఆ బొక్కల అయోడిన్ పోసి, మేకు లేకుంటనే ఇడిచిపెట్టాలె. టీటీ సూది ఎప్పుడిప్పించిన్రో చూసుకోవాలె, గుర్రానికి ధనుర్వాతం చాన జల్ది అంటుతది.

ఇగ 8 వారాలు అస్సలు వద్దు. టో నెలకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతది. నాడా గిట్టతోని ముందుకు పోతది, మడమ నాడా దాటి వెనక మిగుల్తది, లోపలికి మడుస్తది. మొదలు ఆరు నెలలు 4 వారాలకోసారి, తర్వాత 5.


మొయినాబాద్ సవారీ:

చాలా వివరంగా చెప్పారు, థాంక్స్ అన్నా, డాక్టరు గారూ. రెండు సందేహాలు. ఫ్రాగ్ కుళ్లుకు వేపనూనె రోజూ రాస్తున్నాం, చాలదా? ఇంకోటి, నాడాలే తీసేసి ఉత్తకాళ్లతో వదిలేస్తే మడమ తొందరగా కోలుకుంటుందని కొందరంటున్నారు. మా దగ్గర నేలంతా మొరం.


అశ్వవైద్యం:

వేపనూనె చాలదు. తడిగా, లోపల కుళ్లుతో ఉన్న చీలిక మీద ఏ నూనె రాసినా మూత పెట్టినట్టే. ఈ కుళ్లు తెచ్చే సూక్ష్మక్రిమి గాలి లేని చోటే బతుకుతుంది. ఆరిన గిట్ట మీద రాసుకుంటే తప్పు లేదు గానీ అది మందు కాదు.

ఆరోగ్యంగా ఉన్న ఫ్రాగ్ మధ్య గుంట ఎలా ఉండాలంటే మైదాముద్ద మీద బొటనవేలు నొక్కితే పడే పల్లమంత. మీది చీలిక. రెండు మడమ గడ్డల మధ్య వెంట్రుకల దాకా పైకి పాకిందేమో పక్కలకు విడదీసి చూడండి. పాకి ఉంటే, గుర్రం కాలు వెనక్కి లాక్కుంటే, లోపల పచ్చి మాంసం దాకా వెళ్లినట్టే. అప్పుడు హుక్కుతో గెలకొద్దు.

10 శాతం పోవిడోన్ అయోడిన్ ఒక వంతుకు నీళ్లు 9 వంతులు కలిపి, సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో చీలిక అడుగు దాకా పోసి కడగండి. గాజుగుడ్డ పేలికను చీలిక వెంట దంతాల మధ్య దారం లాగినట్టు ముందుకూ వెనక్కీ లాగండి. మొదటి రోజు నల్లటి జిడ్డు పేస్టులా వస్తుంది, వాసన చేతికి రెండు రోజులు వదలదు, గ్లౌజులు వేసుకోండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి లాగాలి. ఆరాక, 100 గ్రాముల జింక్ ఆక్సైడ్ క్రీములో ఒక టీస్పూను మెత్తగా నూరిన మైలుతుత్తం కలిపి, గాజుగుడ్డకు పట్టించి, చీలిక నిండేలా కూరండి. బిగించి కుక్కకూడదు. రోజూ మార్చాలి, 2 నుంచి 3 వారాలు. మైలుతుత్తం పొడి నేరుగా చల్లితే పచ్చి చోట కాలుతుంది. ఒకసారి కాలాక గుర్రం మళ్లీ కాలెత్తనివ్వదు, మందు సంగతి అటుంచి నాడా పని కూడా ఆగిపోతుంది.

ఇక ఉత్తకాళ్ల సంగతి. నాడా లేకపోతే ఫ్రాగ్ నేలకు తగిలి, దాని పైనున్న మెత్తటి డిజిటల్ కుషన్ నొక్కుకుంటూ బలపడుతుంది, గిట్టలో రక్తం తిరగడానికీ అది సాయం. ఆ వాదం సబబే. కానీ అది నొప్పి లేకుండా మడమ ఆనించినప్పటి మాట. సోల్ పలచగా ఉన్న గుర్రాన్ని మొరం మీద ఉత్తకాళ్లతో వదిలితే మడమకు బదులు టో మోపి నడుస్తుంది. మీరు దేన్ని వదిలించాలనుకున్నారో అదే ఇంకా గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో సోల్ 10 మి.మీ. దాటకపోతే ముందు గిట్టలకు నాడాలుంచండి. వెనక గిట్టలకు తీసేయడానికి నాకైతే అభ్యంతరం లేదు.


నాల్‌బంద్ పాతబస్తీ:

డాక్టర్ సాబ్, వెనకవి తీసుడు నాకు నచ్చలే. ఎద్దు మూతి గిట్టల మడమ ఉత్తగ అరిగిపోతది, మొరం మీద ఇంక జల్ది. రబ్బర్ మ్యాట్, ఇసుక మీద ఉంచుతమంటే సరే.


అశ్వవైద్యం:

ఒప్పుకుంటాను, నేలను చూసుకునే తీయాలి. ఇసుక ప్యాడాక్ (కంచె వేసిన జాగా) లేకపోతే వెనకవీ ఉంచండి. లేదా బయటికి తీసుకెళ్లేటప్పుడు 12 మి.మీ. ఫోమ్ మ్యాటును (జిమ్ముల్లో పరిచే రకం) గిట్ట ఆకారంలో కోసి, డక్ట్ టేపుతో చుట్టండి. రెండు మూడు రోజులకు మించి రాదు, చవక.


జొన్నచొప్ప:

గుర్రం గుడ్డిదైనా దాణాకేం తక్కువ లేదన్నట్టుంది మీ లెక్క అండి. దాణా ఎక్కువ, గడ్డి తక్కువ.

460 కిలోల గుర్రానికి ఎండు లెక్కన గడ్డి బరువులో కనీసం 1.5 శాతం, వీలైతే 2 శాతం కావాలి. అంటే 7 నుంచి 9 కిలోలు. పచ్చి నేపియర్‌లో ఇంచుమించు 80 శాతం నీళ్లే, మీ 20 కిలోలు ఎండితే 4 కిలోలు. మిగతాది కడుపులో పడటం లేదు. పైగా నేపియర్‌లో ఆక్సలేట్లుంటాయి, అవి క్యాల్షియాన్ని పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. దాని మీద మీరు 2 కిలోల గోధుమ పొట్టు పెడుతున్నారు. పొట్టులో ఫాస్ఫరస్ క్యాల్షియానికి పది రెట్లు. 2 కిలోల్లో 20 గ్రాముల పైన ఫాస్ఫరస్, క్యాల్షియం రెండు మూడు గ్రాములు. పని లేని 500 కిలోల గుర్రానికే రోజుకు 20 గ్రాముల క్యాల్షియం, 14 గ్రాముల ఫాస్ఫరస్ కావాలి. లోటు పడితే ఒళ్లు తన ఎముకల్లోంచే తీసుకుంటుంది. మొదట కనిపించేది ఇలాంటి కురచ అడుగే, ఒక కాలని చెప్పలేని కుంటే. ముదిరితే దవడ ఎముకలు ఉబ్బి మొహం బండగా తయారవుతుంది. గిట్టలు ఎంత బాగా కోసినా ఇది సరిచేయకపోతే సగం పనే. డాక్టరు గారు రాయలేదు కాబట్టి చెబుతున్నాను.

నేపియర్ సగానికి తగ్గించి, ఎండు గరిక గడ్డి 4 కిలోలు, ఎండు లూసర్న్ (పప్పుజాతి మేత) 2 కిలోలు చేర్చండి. ఆ లూసర్న్‌లోనే 24 గ్రాములకు తక్కువ కాకుండా క్యాల్షియం వస్తుంది. పొట్టు పది రోజుల్లో మెల్లగా మానేయండి. ఉలవలు అర కిలో చాలు. ఓట్స్ పూటకు కిలో మించొద్దు. ఒక పూటలో పిండిపదార్థం కిలో ఒంటి బరువుకు ఒక గ్రాము దాటకూడదు, అంటే మీ గుర్రానికి 460 గ్రాములు. కిలోన్నర ఓట్స్‌లో 600 దాటుతుంది, అరగనిది పెద్దపేగులోకి పోయి పులుస్తుంది. లామినైటిస్‌కు అదొక రాచబాట. బెల్లం ఆపేయండి. ఉప్పు రోజుకు 30 గ్రాములు, ఎండాకాలం పని చేయిస్తే 50.

గిట్ట కోసం బయోటిన్ రోజుకు 20 మి.గ్రా. ఇవ్వొచ్చు. మొత్తం మేతలో జింక్ 400, రాగి 100 మి.గ్రా. అందాలి. ఇవి రాబోయే గోడకే తప్ప ఉన్న గోడకు పనిచేయవు, 6 నుంచి 9 నెలలు పడుతుంది. పశువుల దాణా, కోళ్ల దాణా మాత్రం పెట్టొద్దు. వాటిలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలిపి ఉండొచ్చు, గుర్రానికి అవి విషం.

తొట్టి సంగతి ఎవరూ ఎత్తలేదు. మేసే గుర్రం రోజుకు 14, 16 గంటలు తల దించే ఉంటుంది. తల దిగితేనే వీపు పైకి లేస్తుంది. 4 అడుగుల తొట్టిలో తింటే ప్రతి ముద్దకూ మెడ కింది కండరం బిగుసుకుని నడుం కుంగుతుంది, మీరు జీను దగ్గర చూసే ఆకారం అదే. తొట్టి పడగొట్టక్కర్లేదు, గడ్డి కింద రబ్బర్ షీటు మీద వేయండి. ఉత్త ఇసుక మీద వేస్తే ఇసుక కడుపులో చేరి శూల వస్తుంది. మెడతాడు విప్పేసి 12 అడుగులకు 12 అడుగుల గదిలో వదిలేయండి. సిమెంటు మీద 18 మి.మీ. రబ్బర్ మ్యాటు, పైన 4, 5 అంగుళాల ఊక. ఉచ్చ తడి పూటపూటా తీయకపోతే డాక్టరు గారి 3 వారాల మందు 4వ వారానికి గల్లంతు. రోజుకు రెండు గంటలు కాదు, కనీసం ఆరు గంటలు తిరగనివ్వండి.


అడుగుల లెక్క:

నడుం పని గురించి నాలుగు ముక్కలు. మొదటి నాలుగు వారాలు గట్టి నేల మీద ట్రాట్, గుండ్రంగా తిప్పడం రెండూ మానండి. చేత్తో పట్టుకుని తిన్నగా 20 నిమిషాల నడక, రోజుకు రెండుసార్లు. రెండో వారం నుంచి నేల మీద 4, 5 కర్రలు 80, 90 సెం.మీ. ఎడంగా పరిచి దాటించండి, గిట్ట తగిలితే ఎడం మార్చాలి.

వారానికి 5 రోజులు క్యారెట్‌తో సాగదీయడం: గడ్డం ఛాతీకి, తర్వాత రెండు ముందుమోకాళ్ల మధ్యకు, తర్వాత పక్కకు తొడ వైపుకు. ఒక్కో చోటా 5 సార్లు, 5 సెకన్లు నిలపాలి. లాక్కుని తినేస్తే లాభం లేదు. మూడు నెలలకు వెన్నుపూస పక్కనుండే లోతు కండరం లావెక్కుతుంది. పొట్ట కింద వేళ్లతో నొక్కి వీపు లేపించే పద్ధతి కూడా ఉంది గానీ, నడుం నొప్పితో ఉన్న గుర్రం తన్నొచ్చు, ఇప్పుడే వద్దు.

జీను భుజం ఎముక వెనక రెండు మూడు వేళ్లు వదిలి పెట్టండి. రేసు గుర్రాలకు మోపురం వెనక గుంటలుంటాయి, అక్కడ జీను వంతెనలా ఆనకుండా ఉందేమో చూడండి. ఇప్పుడు సరిపోయినా ఆరు నెలల్లో అది సరిపోకుండా పోతుంది. కండ నిండేకొద్దీ మళ్లీ చూపించుకోవాలి. పళ్లు కూడా చూపించండి, మూలపళ్ల కొక్కేలు మెడ బిగింపుకు తరచూ కారణం.


మొయినాబాద్ సవారీ:

గడ్డి కిందికి దించేశాం, మెడతాడు తీసేశాం. ఎక్స్‌రే ఈ వారమే. ఒక్క నెలలో సరైన దారిలో ఉన్నామో లేదో ఎలా తెలుస్తుంది?


అశ్వవైద్యం:

ఇల్లు అలకగానే పండగ కాదు. టో గోడ పైనుంచి కింది దాకా కొత్తది రావడానికి 9 నుంచి 12 నెలలు. కానీ 6 వారాలకే వెంట్రుకల గీత కింద సెంటీమీటరుకు పైగా కొత్త గోడ దిగుతుంది, అది పాతదాని కన్నా నిటారు కోణంలో వస్తుంటే కోత సరిగ్గా ఉన్నట్టు. పాత వాలులోనే వస్తే టో ఇంకా వదిలేస్తున్నారు.

అంతకన్నా ముందే తెలిసేవి రెండు. ఒకటి, ఫోనులో స్లో మోషన్ పెట్టి, నేలకు దగ్గరగా పట్టుకుని పక్క నుంచి నడక తీయండి, గట్టి చదును నేల మీద. ముందు గిట్ట టోతో దిగుతుందా, చదునుగానా, మడమతోనా చూడండి. కుళ్లు మానేకొద్దీ టో దిగడం చదునుకు, తర్వాత కాస్త మడమ ముందుకు మారాలి. రెండోది నిలకడ. నాలుగడుగులు నడిపించి, మీరు సర్దకుండా దానంతట అది ఆగనివ్వండి. మోచేయి దిగువ నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి, కాలు దారానికి ఎంత వెనక ఉందో కొలవండి. అయిదుసార్లు చేసి సగటు రాసుకోండి, ఒక్కసారి చూసింది లెక్కలోకి రాదు. వారానికోసారి, అదే గచ్చు మీద, పని చేయించక ముందు.

మధ్యలో ట్రాట్‌లో తల ఊపు మొదలైతే ఆపేయండి. నొప్పి కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలి మీద దిగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చెప్పి మంచి కాలికి మందేయిస్తారు. నాడా కొట్టిన మూడు రోజుల్లోపు ఒక గిట్ట మాత్రమే వేడెక్కితే ముందు మేకు వైపు చూడండి. మూడు కాళ్ల మీద నిలబడిపోతే చీము పట్టి ఉండొచ్చు, ఎముక విరిగి కూడా ఉండొచ్చు. అప్పుడు గిట్ట కోయించకుండా, నడిపించకుండా నన్ను కాదు, దగ్గర్లోని డాక్టర్ని పిలవండి.

ఎక్స్‌రే వచ్చాక తీగ, పిన్ను కనపడేలా నాలుగు బొమ్మలూ ఇక్కడ పెట్టండి. నాల్‌బంద్ గారు టో ఎన్ని మిల్లీమీటర్లు తీయాలో దాని మీద గీత గీసి చెబుతారు.


నాల్‌బంద్ పాతబస్తీ:

పెట్టుండ్రి అన్నా. సోల్ ఫోటో కూడ తియ్యుండ్రి, ఫ్రాగ్ కడిగినంక, పక్కన స్కేలు పెట్టి. స్కేలు లేకుంటే చెప్పుడు కష్టం.